సీజన్ అయినంక

10 నవంబర్ 2024, ఆదివారం

పోయిన ఏడాది ఇచ్చిన ఆశా డైరీలో సగానికి పైగా పేజీలు తెల్లగానే మిగిలాయి. పారెయ్యబుద్ధి కాలేదు. కొత్త డైరీని ఏఎన్‌ఎం చూస్తుంది, డాక్టరమ్మ చూస్తుంది. అందులో గర్భిణులు, బాలింతలు, బీపీలు, షుగర్లు. ఇందులో నా సంగతులు రాసుకుంటాను. అచ్చేసిన తారీఖు కొట్టేసి పైన నాది వేసుకుంటే సరి. ఎవరూ చదవరు. మా ఆయనకు బాయిలర్ మీటరులో ముల్లు తప్ప ఇంకేదీ చదివే ఓపిక లేదు.

నిన్న మా బిడ్డ ప్రవళికను తీసుకొచ్చాను. ఏడో నెల. అత్తగారి ఊరు బోథ్‌లో గాజులు తొడిగి, నిర్మల్ మీదుగా బస్సులో కరీంనగర్ చేరేసరికి చీకటి పడింది. వియ్యపురాలు గంగుబాయి పంపనంటే పంపనని కూర్చుంది.

"ఎందుకొదినె, ఈడ్నే కననియ్యి. మా దిక్కు గాలి మంచిగుంటది, జొన్న భాకరి ఉంటది. ఆదిలాబాద్ల పెద్ద దవాఖాన ఉన్నది" అంది.

"తొలి కాన్పు పుట్టింట్ల గాకపోతే నలుగురేమంటరు? తల్లి సచ్చిందా అని అడుగుతరు" అన్నాను.

అల్లుడు సంపత్ మస్కట్ నుంచి వీడియోలో నవ్వుతూ చూస్తున్నాడు, ఎటూ మాట్లాడకుండా. నేను గెలిచాను. పదకొండేళ్లలో ఎంతోమందిని కాన్పులకు దవాఖానాకు తీసుకుపోయినదాన్ని, నా బిడ్డను ఇంకొకరి చేతిలో పెడతానా?

పోయిన నెల బోథ్‌లో గ్లూకోజు నీళ్లు తాగించి చేసిన పరీక్ష కాగితం కూడా తెచ్చాను. నూట పన్నెండు. నూట నలభై దాటకూడదు. బంగారంలా ఉంది.

12 నవంబర్

బిడ్డ మంచం మీద తెల్ల దుప్పటి వేశాను. సాయంత్రానికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు. కిటికీ మూశాను.

15 నవంబర్

పాత నూలు చీరలు రెండు చించి పొత్తిగుడ్డలు చేశాను. పుట్టిన పిల్లకు కొత్త బట్ట గుచ్చుకుంటుంది, పాతదే మెత్తన. ఉడకబెట్టి ఉతికి దండెం మీద వేసి సర్వేకు పోయాను. వచ్చి చూస్తే నువ్వులు చల్లినట్టు నల్ల చుక్కలు. మళ్లీ ఉతికాను.

మా ఆయన పనిచేసే పక్కనున్న బియ్యం మిల్లుకు వానాకాలం వడ్లు దిగుతున్నాయి. లారీలు రోడ్డు దాకా వరుస కట్టాయి. బాయిలర్ రాత్రీ పగలూ నడుస్తోంది. ఊక కాలిన బూడిద ఎప్పుడూ పడేదే, ఇవ్వాళ కొత్తగా చూస్తున్నట్టు రాస్తున్నాను. చలికాలం పొగ పైకి పోదు, పిలిచిన చుట్టంలా ఇంట్లోకే వస్తుంది.

19 నవంబర్

మా గల్లీలో ఎన్‌సీడీ సర్వే, బీపీ షుగర్ల లాంటి రోగాలది. ముప్పై దాటినవాళ్లందరికీ నడుము కొలిచి, ప్రశ్నలడిగి, మార్కులు వేసి, వేలు గుచ్చి చూడాలి. భూమవ్వకు తిన్న తర్వాత రెండు వందల ఎనభై. ఎండిన కట్టెలా ఉంటుంది ఆమె, నడుము టేపు రెండు చుట్లు తిరుగుతుంది.

"నేను చాయల సుత చక్కెర ఏసుకోను గద బిడ్డా, యాడికెల్లి వచ్చింది?" అంది.

"అన్నం ఎక్కువ తింటున్నవేమో."

"మూడు నెలలాయె అన్నం బంద్ జేసి. రొట్టె తినీ తినీ పండ్లు కదులుతున్నయ్."

పక్కింటామె నవ్వింది. "బియ్యం మిల్లు పక్కపొంటి ఉంటిమి. మనం తినకున్నా అన్నం గాలికొచ్చి నోట్లె పడ్తదేమో" అంది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

ఫారం చివర పొగ ప్రశ్నలు రెండు ఉంటాయి. ఇంట్లో దేని మీద వండుతారు, పొగలోనో దుమ్ములోనో పని చేస్తారా అని. వాటికి మార్కులు లేవు, దమ్ము రోగం కోసం అడుగుతారు. అందరికీ గ్యాస్ అని టిక్కు పెట్టి పక్కింటికి పోతాను. మీ ఇంటి పక్కన ఎవరు పొగ పెడుతున్నారు అనే ప్రశ్న అందులో లేదు.

27 నవంబర్

నూట అరవై నాలుగు.

మిషను తప్పు చూపించి ఉంటుంది.

28 నవంబర్

మిషను తప్పు కాదు. నిన్న మా సెంటర్లో మధులిక డాక్టరమ్మ రక్తం ల్యాబుకు కూడా పంపించింది. అక్కడా నూట అరవై ఒకటి.

"కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్. భయపడకండి. రెండు వారాలు తిండి జాగ్రత్తగా చూద్దాం, తగ్గకపోతే ఇన్సులిన్" అంది. ఆ మాటలు నేనే ఎంతమందికి చెప్పానో. "ఫికర్ చెయ్యకు చెల్లె, తిండి చూస్కుంటే అదే తగ్గుతది" అని వాళ్ల భుజం తట్టి వచ్చేదాన్ని. నిన్న ఆ మాట నా భుజం మీద పడితే తెలిసింది, దానికి బరువే లేదు.

కడుపులో పిల్ల పెద్దగా పెరుగుతుందట. పుట్టగానే దాని షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చట. అదీ నాకు తెలిసిందే. తెలిసిన దానికి ఇంత భయం ఉంటుందని తెలియదు.

ఇంట్లో చక్కెర డబ్బా పక్కింట్లో పెట్టేశాను. ఆలుగడ్డ, అరటిపండు, తెల్లన్నం బంద్. పొద్దున జొన్న రొట్టె, మధ్యాహ్నం కొర్రలు, రాత్రి మళ్లీ రొట్టె. సెంటర్ నుంచి చిన్న మిషను అడిగి తెచ్చుకున్నాను. తిన్న రెండు గంటలకు నూట ఇరవై లోపు రావాలి.

1 డిసెంబర్

146.

2 డిసెంబర్

151. ఏం తిన్నదో చెప్పదు. రొట్టెనే తిన్నానంటుంది.

3 డిసెంబర్

దొరికింది. దాని సంచీ కింది అరలో చాక్లెట్ కాగితం. మడిచి మడిచి గోరంత చేసి పెట్టింది. చేతిలో పట్టుకుని అడిగాను.

"ఇదేందే? లోకానికి చెప్పేదాన్ని, నా ఇంట్ల నువ్వు దొంగతిండి తింటవా?"

"నేను తినలే అవ్వా."

"మరి కాగితానికి కాళ్లొచ్చి సంచిల జొచ్చిందా?"

"నాకు యాదికి లేదు. ఒట్టు, ఈడికొచ్చినంక తినలే."

"కడుపుల పిల్ల మీద ఒట్టు వెయ్యి."

వేయలేదు. ఏడ్చింది. ఏడ్చిందంటే తిన్నట్టే కదా. ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువు అంటారు, నేను రచ్చలో గెలిచి ఇంట్లో ఓడిపోయాను.

ఆయన వాకిట్లో నిలబడి వింటున్నాడు. లోపలికి రాలేదు. డ్యూటీ బట్టలతో బిడ్డ అర్రలోకి రాడు, ఈ మధ్య స్నానం చేశాక కూడా గడప దగ్గరే నిలబడి "తిన్నవా బిడ్డా" అని అడిగి పోతున్నాడు. ఎందుకో అడగలేదు.

5 డిసెంబర్

148. నేనే వండి, నేనే వడ్డించి, రెండు గంటలు ఎదురుగా కూర్చున్నాను. బాత్రూంకు పోతే తలుపు బయట నిలబడ్డాను.

6 డిసెంబర్

143.

8 డిసెంబర్

పొద్దున వాకిలి ఊడుస్తుంటే గుర్తొచ్చింది. ఆ చాక్లెట్ నేనే కొనిచ్చాను. నిర్మల్ బస్టాండులో, తల తిరుగుతోందంటే. సగం విరిచి నేనూ తిన్నాను.

దానితో ఇంకా చెప్పలేదు.

9 డిసెంబర్

చెప్పలేదు, కానీ ఇవ్వాళ ఇంకో గొడవ. రాత్రి రొట్టె ఒకటి తగ్గించాను. పొద్దున కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. ఐనా తిన్నాక 139. ఇంకా పాలు కూడా బంద్ చేద్దామన్నాను.

"ఇంకేం బంద్ జెయ్యాలె అవ్వా? అన్నం బంద్ జేస్తి, పండు బంద్ జేస్తి. గాలి పీల్చుడు బంద్ జెయ్యాల్నా?" అని అరిచింది.

పెద్ద నోరు వచ్చింది అత్తగారింటికి పోయి. ఈ మాట అని తలుపేసుకుంది.

సెంటర్‌కు తీసుకుపోయాను. డాక్టరమ్మ బరువు చూసింది. పది రోజుల్లో కిలోన్నర తగ్గింది. నన్ను బయటికి పిలిచి తిట్టింది. తిట్టడం అంటే ఆమె గొంతు పెంచదు, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుంటుంది.

"పథ్యం పెట్టమన్నాను, ఉపవాసం పెట్టమనలేదు. మీకు తెలియదా మమతారాణి గారూ?"

"దొంగతిండి తింటున్నదేమో అనుకున్న మేడం."

"అందరికీ తిండి వల్లనే రాదు. మీ ఇల్లు ఎక్కడ?"

చెప్పాను. ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత చెప్పింది. కంటికి కనబడని సన్నటి పొగ ఊపిరితిత్తుల్లోంచి నెత్తురులోకి పోతుందట. ఒంట్లో లోపల్లోపల వాపు లాంటిది పుట్టించి, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుందట. గాలి బాగాలేని చోట షుగర్ ఎక్కువగా కనబడుతోందని చాలా దేశాల్లో లెక్కలు తీశారట, గర్భిణుల్లో కూడా.

"అయితే మిల్లు వల్లనేనా?" అన్నాను.

"అట్లా చెప్పలేను. నెలలు పెరిగే కొద్దీ కూడా బయటపడుతుంది. మీ వైపు ఎవరికైనా ఉందా, ఆమె వైపు ఏముందో, ఎన్నో కలుస్తాయి. మీ అమ్మాయికి పొగ వల్లనే వచ్చిందని నేనైతే రాసివ్వలేను. లేదనీ రాసివ్వలేను."

ఇన్సులిన్ మొదలుపెట్టింది. పొద్దున నాలుగు యూనిట్లు.

10 డిసెంబర్

పొగ వల్ల అయితే నాకు రావాలి, మా ఆయనకు రావాలి. పొగ కాదు.

11 డిసెంబర్

మా ఆయనకు చూశాను. తినకముందు నూట యాభై ఎనిమిది. నా వేలు గుచ్చుకోలేదు. ఒక ఇంట్లో ఎన్నని చూస్తాం.

14 డిసెంబర్

సర్వే ఫారాలు ముందేసుకుని కూర్చున్నాను. మా గల్లీలో ముప్పై ఎనిమిది ఇళ్లు, పదిహేడు ఇళ్లలో షుగర్. కాలువ అవతలి గల్లీ కూడా నాదే, అక్కడ నలభై ఇళ్లకు ఆరు. వాళ్లూ మనలాంటి వాళ్లే. అదే రేషను బియ్యం, అదే పప్పు, అదే పండుగలకు అదే కోడి. గాలి ఎక్కువగా ఇటే కొడుతుంది.

డాక్టరమ్మకు చూపిస్తే, "ఇది లెక్కకు చాలదు మమత గారూ, వయసులు వేరు కావచ్చు, కానీ దాచిపెట్టండి" అంది. దాచిపెట్టాను. దాచిపెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఈ ఇంటి జాగ కొన్నప్పుడు నేనే మురిసిపోయాను. మిల్లు గోడకు నాలుగిళ్ల దూరం, ఆయన నడిచి డ్యూటీకి పోవచ్చు, మధ్యాహ్నం వేడన్నం తినిపోవచ్చు అని.

17 డిసెంబర్

ఇవ్వాళ అడిగేశాను. ఆయన కాళ్లు కడుక్కుంటున్నాడు.

"పొగ గొట్టానికి బూడిద పట్టే డబ్బా ఉంటది గదా, అది నడుస్తలేదా?"

"తుప్పు పట్టి బొక్కలు పడ్డయ్."

"మరి చెప్పవా?"

"చెప్పిన. సీజన్ అయినంక జూద్దాం పరశురాములూ అన్నడు సేటు. మిల్లు బంద్ జేస్తె ఎట్ల, లారీలు నిలవడ్డయ్ గద."

"సీజన్ ఎప్పుడైతది?"

"వానకాలం వడ్లు అయిపోంగనే యాసంగి వడ్లొస్తయ్."

"అంటే ఎప్పుడు కాదన్నట్టు."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తువ్వాల నల్లబడింది. "ఉనుక కాలవెడ్తె పొగ రాక పాలొస్తయా?" అన్నాడు. ఊక గురించి ఆ మాట ఆయన ఎప్పుడూ నవ్వుతూ అంటాడు, ఇవ్వాళ నవ్వలేదు. కాసేపయ్యాక, "నేనే కదా కాలవెట్టేది" అన్నాడు నెమ్మదిగా. అప్పుడు తెలిసింది, బిడ్డ అర్రలోకి ఎందుకు పోవడం లేదో. డాక్టరమ్మ చెప్పకముందే ఆయనకు ఆ అనుమానం ఉంది. నాకు చెప్పలేదు. నేను చాక్లెట్ కాగితం పట్టుకుని ఊగుతుంటే కూడా చెప్పలేదు.

తిట్టబోయి ఊరుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఆ బాయిలర్ మా పొయ్యి వెలిగించింది.

18 డిసెంబర్

అర్జీ రాశాను. మా గల్లీ వాళ్లం అని మొదలుపెట్టి, బూడిద, దగ్గు, షుగర్, గర్భిణులు, అన్నీ. చివర్లో పేరు దగ్గర పెన్ను ఆగింది. పేరు రాయకపోయినా నా చేతిరాత వార్డంతా ఎరుగుదురు, ఏ ఇంటి గోడ మీద చూసినా టీకాల తారీఖులు నేను రాసినవే. పొద్దున అర్జీ ఇస్తే సాయంత్రానికి ఆయనను డ్యూటీకి రావద్దంటారు.

ఈ డైరీలోనే పెట్టాను. ఈ పేజీకి, వెనక పేజీకి నడుమ.

20 డిసెంబర్

చాక్లెట్ సంగతి చెప్పేశాను. "నేనే కొనిచ్చిన బిడ్డా, యాది మర్చిన" అన్నాను. కోపం చేస్తుందనుకున్నాను. "పోనియ్ అవ్వా" అని నా చెయ్యి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల పిల్ల తన్నింది. దానికి ఏ కోపమూ లేదు, తన్నడం తప్ప.

బోథ్ పంపించాలనుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు.

22 డిసెంబర్

భూమవ్వకు చెప్తే నెత్తి కొట్టుకుంది. "ఎనిమిదో నెల కదిలిస్తరా ఎవరన్న? ఏడుల తోల్కరావాలె, తొమ్మిదిల తోల్కపోవాలె. ఎనిమిది గండం బిడ్డా. నువ్వు సదువుకున్నదానివైతె ఏంది, ఆశమ్మవైతె ఏంది!"

ఎనిమిదో నెలకూ గండానికీ సంబంధం లేదని నేనే ఇళ్లిళ్లకూ తిరిగి చెప్తాను. రాత్రంతా ఆ మాటే చెవుల్లో ఉంది.

ఇక్కడుంచితే పొగ. కదిలిస్తే గండం. రెంటిలో ఏది నిజమో అది పుట్టాక గానీ తెలియదు.

24 డిసెంబర్

గంగుబాయికి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక వాతావరణం అడిగాను. "చలి చంపుతున్నది ఒదినె, ఎందుకట్ల అడుగుతున్నవ్?" అంది. అప్పుడు చెప్పాను. మీ దిక్కు గాలి మంచిదన్నావు కదా, అప్పుడు నేను వినలేదు, ఇప్పుడు అదే కావాలి అని. ఆమె ఒక్క మాట దెప్పితే బాగుండేది.

"నేనే వస్త తోల్కపోను. ఫికర్ చెయ్యకు" అంది.

26 డిసెంబర్

గంగుబాయి వచ్చింది. రాగానే ముక్కుకు కొంగు పెట్టుకుంది, మళ్లీ నా మొహం చూసి తీసేసింది.

బట్టలు సర్దుతుంటే ప్రవళిక అడిగింది. "అవ్వా, మిల్లు వెట్టినప్పుడు నేను ఎంత ఉన్న?"

"ఆరేండ్లు."

"పెండ్లి అయ్యేదాంక గీడనే ఉంటి. పదిహేనేండ్లు పీల్చిన గద. ఇప్పుడు నెల రోజులు తప్పిస్తె ఏమైతది?"

నేను చీర మడత పెడుతున్నాను. మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టాను. పోయిన నెల పదో తారీఖు నుంచి రోజులు లెక్కబెట్టుకుంటూ వస్తున్నాను, ఇది వచ్చి పద్దెనిమిది రోజులు, ముప్పై రోజులు అని. అది చిన్నప్పుడు ఆ మిల్లు బూడిదతోనే పళ్లు తోమేది, ఇసుకలా ఆడుకునేది. నేనే దోసిట్లో పోసి ఇచ్చేదాన్ని.

"జల్ది తయారుగా. బస్సు పోతది" అన్నాను.

27 డిసెంబర్

పంపించాను.

నిర్మల్ బస్సు కదిలేముందు ప్రవళిక కిటికీలోంచి "పోయొస్తనే అవ్వా" అంది.

"పో బిడ్డా" అన్నాను.

అనగానే గంగుబాయి మొహం మారింది. "అట్లంటరా ఒదినె? పోయి రా అనాలె. కడుపుతోని ఉన్న పిల్ల" అంది.

నోరు తెరిచాను. పోయి రా. రెండే మాటలు. ఏ చుట్టం పోతున్నా, పాలవాడు పోతున్నా నోట్లోంచి వచ్చే మాట. మొదటిది వచ్చింది, రెండోది రాలేదు. ఎక్కడికి రమ్మనాలి? డ్రైవరు హారన్ కొట్టాడు. నా బిడ్డ నా పెదవుల వంకే చూస్తోంది. బస్సు పోయింది.

6 జనవరి 2025

బోథ్ నుంచి ఫోన్. 112, 118, 109. అక్కడి డాక్టరు ఇన్సులిన్ ఆరు యూనిట్లు చేశాడట. అన్నం కూడా కొంచెం తింటోంది.

గాలి వల్ల తగ్గిందా, సూది వల్ల తగ్గిందా అని అడగదలుచుకోలేదు. తగ్గింది. ఎనిమిదో నెల బస్సు ప్రయాణానికి ఏమీ కాలేదు. పంపించి మంచి పని చేశాను. మంచి పని చేశాను.

దాని మంచం మీద పడుకున్నాను ఇవ్వాళ. ఆయన అర్రలోకి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు, నవంబర్ తర్వాత మొదటిసారి.

18 జనవరి

134. 141.

"ఏం తింటున్నదొదినె?" అని అడిగాను గంగుబాయిని. నా నోరు నాకే కంపరం పుట్టించింది, మళ్లీ అదే ప్రశ్న.

"భాకరి, పప్పు. నా కండ్ల ముంగటనే తింటున్నది. మీరు పంపిన కాగితంల ఉన్నట్టే." గంగుబాయి దగ్గింది. దగ్గు ఆగలేదు.

"సర్దయిందా?"

"సర్ది గాదు బాయీ. పత్తి ఏరుడైంది. చేన్లల్ల కట్టె పీకి కాలవెడ్తున్రు. నాలుగు దిక్కులా పొగనే. పదిహేను దినాలు ఉంటది, ఏటేటా ఉండేదే. మా ఆయన సుత మొన్న మూడెకరాల కట్టె కాలవెట్టిండు, లేకపోతె దున్నెటట్టు లేదు."

"తలుపులు మూసుకొమ్మని చెప్పు" అన్నాను. ఆమెను తప్పు పట్టడానికి నాకు ఏ హక్కుంది? వాళ్లాయన కట్టె కాలుస్తాడు, మా ఆయన ఊక కాలుస్తాడు.

19 జనవరి

ఇంకెక్కడికి పంపాలి?

2 ఫిబ్రవరి, ఆదివారం. ఆదిలాబాద్

పొద్దున ఆరున్నరకు ఆడపిల్ల. ఆపరేషన్ చేశారు, పిల్ల పెద్దగా ఉందని. మూడు కిలోల తొమ్మిది వందలు. నర్సు ఎత్తుకుని వస్తుంటే చుట్టుపక్కల వాళ్లు, "అబ్బ, బొద్దుగ ఎంత ముద్దుగున్నదో" అన్నారు. ఆ బొద్దు ఏమిటో నాకు తెలుసు. నా ఒక్కదానికే తెలుసు అక్కడ.

గంటకే పిల్ల షుగర్ పడిపోయింది. నలభై లోపు. అద్దాల అర్రలోకి తీసుకుపోయి చిన్న చెయ్యికి గ్లూకోజు పెట్టారు. బయట నిలబడి చూశాను. దాని తల్లి నోటికి ఏ తీపి తగలకుండా నెల రోజులు కాపలా కాశాను, దీనికి సూదితో చక్కెర నీళ్లు ఎక్కిస్తున్నారు. నవ్వు వచ్చింది. నవ్వుతున్నాననుకున్నాను, గంగుబాయి వచ్చి కొంగుతో నా కళ్లు తుడిచింది.

5 ఫిబ్రవరి

అద్దాల అర్రలోంచి బయటికి ఇచ్చారు. పాలు పట్టింది. ప్రవళికకు కూడా సూది అవసరం లేదన్నారు ఇప్పటికి. ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చెయ్యాలి, ఆ తర్వాత ఏటేటా. ఇద్దరికీ ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ అని డాక్టరు చెప్తుంటే తల ఊపాను. నేనూ అందరికీ ఇదే చెప్తాను.

22 ఫిబ్రవరి

ఇరవై ఒకటో రోజు. బోథ్‌లో తొట్లెల వేశారు. పిల్లకు జమున అని పేరు పెట్టారు, అల్లుడు మస్కట్ నుంచి మూడుసార్లు పిలిచాడు ఫోన్లోంచి. నేను తొట్లె, గాజులు, వెండి మొలతాడు తీసుకుపోయాను. పొత్తిగుడ్డలు తీసుకుపోలేదు. ఎన్నిసార్లు ఉతికినా చుక్కలు పోలేదు.

గంగుబాయి పిల్లకు తానం పోసి కుంపట్లో సాంబ్రాణి వేసి, పిల్లను బోర్లా పట్టుకుని పొగ చూపించింది. మా దగ్గరా అంతే, అందరూ అంతే. వద్దనబోయాను. ఆమె పిల్ల వీపు నిమురుతూ ఏదో మరాఠీ పాట పాడుతోంది. పిల్ల హాయిగా కళ్లు మూసింది. ఎన్ని పొగలని ఆపుతాను?

సాయంత్రం బస్సుకు బయలుదేరాను. ప్రవళిక పిల్లను ఎత్తుకుని వాకిలి దాకా వచ్చింది.

"పోయి రా అవ్వా" అంది. ఎంత సులభంగా అంది.

నేను గేటు దగ్గరికి వచ్చాను. వెనక నుంచి అడిగింది.

"మమ్ముల ఎప్పుడు తోల్కపోతవ్? మూడు నెలలు అవ్వగారింట్ల ఉండాలె గద. నువ్వాన్నాడు పోయి రా అనలే. ఇప్పుడన్న రమ్మను."

పిల్ల దాని భుజం మీద నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, గాలి లోపలికీ బయటికీ.

"తీస్కపోత బిడ్డా" అన్నాను. "సీజన్ అయినంక."

23 ఫిబ్రవరి

బస్సులో, జగిత్యాల దాటాక, నిన్న నేనన్న మాట ఎవరిదో గుర్తొచ్చింది. మిల్లు సేటుది.

ఇల్లు చేరేసరికి తెల్లారింది. ఆయన డ్యూటీకి పోయాడు. పోతూ పోతూ పొత్తిగుడ్డలు ఉతికి దండెం మీద ఆరేసి పోయినట్టున్నాడు, మనవరాలు వస్తుందని. వరుసగా ఎనిమిది, అంచులు సరిచేసి క్లిప్పులు పెట్టి మరీ.

ఒక్కొక్కటి తీసి బూడిద దులిపి, మడత పెట్టి లోపల పెట్టాను.